పని ఆగిన చోట చదువు

నాయకత్వం గురించి మన దగ్గర రెండు మాటలు గట్టిగా చెలామణీలో ఉన్నాయి. అది పుట్టుకతో రావాలిగానీ నేర్చుకుంటే వచ్చేది కాదన్నది ఒకటి. మూడు రోజుల శిక్షణకు వెళితేనో, నాలుగు విజయసూత్రాలు వంటబట్టించుకుంటేనో వచ్చేస్తుందన్నది ఇంకొకటి. విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదు కోఠీలోనో పుస్తకాల షాపు గుమ్మం ఎక్కితే ఈ రెండో రకం పుస్తకాలే ముందు వరసలో కనిపిస్తాయి. చక్రవర్తులు, క్రికెట్ కెప్టెన్లు, కంపెనీ అధిపతులు ఎలా నెగ్గుకొచ్చారో చెప్పి, మీరూ అలాగే చేయండి అంటాయి. రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయిగానీ, రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. మనిషి తను చేస్తున్న పనిని రెండూ పట్టించుకోవు. నా వాదం ఇది: ఎవరి నాయకత్వ పద్ధతి అయినా వాళ్ల పని ఎక్కడ ముందుకు సాగక ఆగిపోయిందో అక్కడ మొదలుపెట్టిన చదువులోంచి, ఆ చదువును మళ్లీ పనిలో పెట్టి చూసుకున్న ఆలోచనలోంచి తయారవుతుంది. ఈ వాదానికి సాక్ష్యంగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం తీసుకుంటాను.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని నిర్ణయించుకుని, పుట్టింట్లోనే ఉండిపోయారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, ఆయన దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడేలా ప్రత్యేకంగా ఒక సభ పెట్టించాలని పట్టుబట్టి, దానికోసం అయిదు వేల రూపాయలు పోగుచేశారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూను గుమ్మంలోనే ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడ్డారు, కోప్పడ్డారు. అయినా టికెట్టు చేతికొచ్చిన తర్వాతే ఆయనను లోపలికి పంపారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉపన్యాసాల్లోనూ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దాన్ని చెప్పేవాళ్లంతా దాదాపు ఒకే మాటతో ముగిస్తారు: చూశారా, పుట్టుకతోనే నాయకురాలు!

అక్కడే ఆగి ఆలోచించాలి. టికెట్టు లేని పెద్దమనిషిని ఆపడానికి ధైర్యం కావాలి, నియమం మీద నిష్ఠ కావాలి. ఆ రెండూ ఆ అమ్మాయికి పుష్కలంగా ఉన్నాయి. కానీ టికెట్టు అడగాలన్న నియమం వేరెవరో పెట్టినది. దాన్ని అమలు చేయడమే ఆమె చేసింది. ఏ నియమం ఉండాలి, ఏది ఉండకూడదు, ఉన్నదాన్ని మార్చాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు ధైర్యం ఒక్కటే జవాబు చెప్పలేదు. 1946లో రాజ్యాంగ సభలో అడుగుపెట్టిన దుర్గాబాయికి ఆ జవాబులు తెలుసు. కాకినాడ గుమ్మానికీ ఢిల్లీ సభకూ మధ్య ఇరవైమూడేళ్లున్నాయి. ఆ ఏళ్లలో ఏం జరిగిందన్నదే మనకు కావలసిన విషయం. ఉపన్యాసకులు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి వెంట ఆమె పనిచేశారు. అంతకు రెండేళ్ల ముందే, సైమన్ కమిషన్ బహిష్కరణనాడు, అదే మద్రాసులో పోలీసు తుపాకులకు రొమ్ము చూపిన ప్రకాశంగారి పేరు ఆంధ్రదేశమంతా మోగుతోంది. ఇరవై ఏళ్ల కార్యకర్తకు అంతకంటే గొప్ప నమూనా ఏముంటుంది? నిజానికి మొదట్లో ఎవరైనా నమూనాను చూసే నడవాలి. దుర్గాబాయి కూడా గాంధీజీని చూసి ఖద్దరు కట్టారు, హిందీ నేర్చుకుని ఆడపిల్లలకు హిందీ బడి నడిపారు, పెద్దలను చూసి జైలుకెళ్లారు. అనుకరణను చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే అది ఎంత దూరం తీసుకెళుతుందో అంత దూరమే తీసుకెళుతుంది. 1930కీ 1933కీ మధ్య ఆమె పదేపదే జైలుకు వెళ్లారు. ఒక విడతలో మదురై జైల్లో ఏకాంత నిర్బంధం అనుభవించారు. వేలూరు జైల్లో రాజకీయాలతో సంబంధంలేని మామూలు ఖైదీ ఆడవాళ్లను దగ్గరగా చూశారు. చదువు రానివాళ్లు, తమ మీద మోపిన నేరం ఏమిటో, ఒప్పుకుంటే ఏమవుతుందో తెలియనివాళ్లు, తమ తరఫున వాదించేవాళ్లు ఉండొచ్చన్న సంగతే వినని వాళ్లు. వాళ్లకు దేశభక్తి గురించి చెప్పి ఏం లాభం? తుపాకీకి ఎదురు నిలిచే ధైర్యం ఆ గదిలో ఏ పనికొస్తుంది? ఆమె చేస్తున్న పని అక్కడ ఆగిపోయింది.

ఇలాంటి చోట చాలామంది చేసేది రెండే. కళ్లు మూసుకుని పాత పనిలోకే వెళ్లిపోవడం, లేకపోతే సానుభూతి చూపి ఊరుకోవడం. ఆమె మూడోది చేశారు. బయటికి వచ్చాక ఉద్యమానికి కాస్త దూరంగా జరిగి, ఇరవైనాలుగేళ్ల వయసులో, తనకంటే చాలా చిన్న పిల్లలు చదివే పాఠాలు ముందేసుకున్నారు. ఆంగ్లేయ ప్రభుత్వపు చదువు వద్దని పన్నెండేళ్లప్పుడు బడి మానేసిన మనిషి, ఇంగ్లీషు అక్షరాల దగ్గర్నుంచి ట్యూషన్ చెప్పించుకున్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు కట్టారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ.కి వెళితే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆమె వెనక్కి రాలేదు, ధర్నా కూడా చేయలేదు. హాస్టలు లేక చదువు ఆగిన ఆడపిల్లలు తనలాగే ఇంకెవరున్నారో తెలుసుకోవడానికి పత్రికలో ప్రకటన వేయించారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. వాళ్లను కూడగట్టి తామే హాస్టలు నడుపుకున్నారు. సీటు వచ్చింది. పొలిటికల్ సైన్స్ అయ్యాక మద్రాసులో లా చదివి, 1942లో న్యాయవాది అయ్యారు. జైల్లో పుట్టిన ప్రశ్నకు దాదాపు పదేళ్ల చదువు జవాబు అయింది.

ఈ హాస్టలు సంగతి దగ్గర కాస్త నిలబడాలి. నా దృష్టిలో కాకినాడ టికెట్టు కంటే ఇదే పెద్ద సంఘటన, ఆమె సొంత పద్ధతి మొదటిసారి బయటపడింది ఇక్కడే. తనకు తగిలిన అడ్డంకి తన ఒక్కదానికే తగిలినదా, ఇంకా పదిమందికి తగిలినదా అని ముందు విచారించడం. పదిమందికీ అయితే ఆ పదిమందినీ ఒకచోట చేర్చి, వాళ్ల చేతనే ఒక సంస్థ నిలబెట్టించడం. దీని తర్వాత ఆమె చేసిన పెద్ద పనులు ఏవి చూసినా ఈ అచ్చే కనబడుతుంది. తను వయసు మళ్లి మెట్రిక్ చదవడానికి పడ్డ పాట్లు చూసుకుని, 1937లో మద్రాసు మైలాపూరులో మొదలైన ఆంధ్ర మహిళా సభ ద్వారా, బడి మానేసిన స్త్రీలకు కాశీ మెట్రిక్‌కు శిక్షణ ఇప్పించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక, అదే ఆలోచన పెద్దదై 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులుగా దేశమంతటా వచ్చింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే చదువాగిపోయినవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష రాసి ఉద్యోగాలకు అర్హత తెచ్చుకునే దారి అది. గాంధీజీకి ఉపవాసం ఎలాగో, ప్రకాశంగారికి తెగింపు ఎలాగో, దుర్గాబాయికి ఇది అలాగ. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

రాజ్యాంగ సభ చర్చల్లో చదువు ఆమెకు ఏమిచ్చిందో విడిగా కనిపిస్తుంది. రాజ్యసభకు పోటీ చేయడానికి కనీస వయసు 35 అని ప్రతిపాదన వస్తే, 30 చేయాలని సవరణ తెచ్చారు. వివేకం వయసును బట్టి రాదన్నది ఆమె వాదం. నేటికీ ఆ వయసు 30గానే ఉంది. భాష మీద చర్చ వచ్చినప్పుడు మరీ ఆసక్తికరం. చిన్నతనాన హిందీ బడి పెట్టిన మనిషి కాబట్టి హిందీ పక్షాన కళ్లు మూసుకుని నిలబడతారని ఎవరైనా అనుకుంటారు. ఆమె హిందుస్థానీని సమర్థించారు. అదే నోటితో, హిందీ పట్ల కొందరు చూపిస్తున్న అత్యుత్సాహం దక్షిణాదివాళ్లను దూరం చేస్తుందని హెచ్చరించారు, హిందీ రానివాళ్లు నేర్చుకోవడానికి పదిహేనేళ్లు ఉన్న స్థితినే కొనసాగించమన్నారు. తన సొంత ఉత్సాహాన్ని కూడా ఎదురుగా పెట్టుకుని పరీక్షించుకుంటేగానీ ఇలాంటి మాట రాదు. పుస్తకం ఆమెకు రాజ్యాంగ పరిజ్ఞానం ఇచ్చింది. పాత నమ్మకాన్ని కొత్త పరిస్థితిలో తిరగేసి చూడటం పుస్తకంలో దొరకదు. చదువు పక్కన ఆలోచన కూడా ఉండాలని నేననేది ఇందుకే.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావడం సహజం. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు నాయకులుగా ఎందుకు బోల్తాపడుతున్నారు? విశ్వవిద్యాలయాల్లో, ఆఫీసుల్లో, పార్టీల్లో మనకు తెలిసిన ఉదాహరణలు కోకొల్లలు. ప్రశ్న న్యాయమైనదే. వాళ్లు తక్కువ చదివి బోల్తాపడ్డారనలేం. వాళ్ల చదువు ఏ ప్రశ్నకూ జవాబుగా మొదలుకాలేదు, అదీ చిక్కు. జీవితానికి ముందే చదువు అయిపోయింది, తర్వాత పని మొదలైంది, రెండింటికీ మాటల్లేవు. దుర్గాబాయి విషయంలో వరస తిరగబడింది. పని ముందు, ప్రశ్న తర్వాత, ఆ తర్వాతే చదువు. పదవిలో ఉన్నప్పుడూ ఆ వరస ఆమె వదల్లేదు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు ఎలా పనిచేస్తున్నాయో పరిశీలించి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూతోనూ, చాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోనూ చర్చించారు. వేలూరు జైల్లో కనబడ్డ ఆడవాళ్లకు కోర్టు భాష అర్థంకాకపోవడం చూసిన మనిషికే, విదేశంలో ఆ కోర్టు గది ప్రత్యేకంగా కంటబడుతుంది. మిగతావాళ్లు చైనా గోడ చూసి వచ్చేస్తారు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఇదంతా కాలేజీ గుమ్మం తొక్కగలిగినవాళ్ల కథ కదా, అక్షరం రానివాళ్ల సంగతేమిటి అని. దీనికి జవాబు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1991లో అక్కడ అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలు కూలికెళ్లి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకున్న ఆడవాళ్ల చేతికి వచ్చిన వాచకంలో సీతమ్మ అనే ఆమె కథ ఒక పాఠం. తాగుడు ఇంటిని ఎలా పీల్చేస్తుందో అందులో ఉంది. అ, ఆలు నేర్పడానికి పెట్టిన పాఠం చుట్టూ చర్చ మొదలైంది, ఇది మన కథే కదా అన్నారు. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందున్న వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతటికీ తెలిసింది. దూబగుంట సంగతే తర్వాతి వాచకంలో పాఠంగా వచ్చేసరికి, పొరుగూళ్ల ఆడవాళ్లు దాన్ని చదివి, తమ ఊరికి తగ్గట్టు తమ పద్ధతి వేసుకున్నారు. సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఒక వాచకం, కొన్ని రాత్రుల మాటలు, చదివినదాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకోవడం. చదువంటే ఇంతే. డిగ్రీ పటం కట్టించుకునే చదువు గురించి నేను మాట్లాడటం లేదు.

చదువుకుంటూ, ఆలోచించుకుంటూ కూర్చుంటే పని ఎప్పుడు జరుగుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. నిర్ణయం తీసుకోవలసిన వేళ పుస్తకం తిరగేసేవాణ్ణి నాయకుడని ఎవరూ అనరు. నిజమే. కానీ వేగంగా తీసుకున్న నిర్ణయాలు ఎక్కడినుంచి వస్తాయో చూడండి. 1915లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చినప్పుడు, ఏడాదిపాటు దేశం చూడమని, బహిరంగ విషయాల మీద అభిప్రాయాలు చెప్పవద్దని ఆయన రాజకీయ గురువు గోఖలే మాట తీసుకున్నారు. ఆ ఏడాది ఆయన మౌనంగా తిరిగారు. 1917లో చంపారణ్ వెళ్లి, నీలిమందు రైతుల తరఫున వెంటనే ఉద్యమం ప్రకటించకుండా, వేలమంది రైతుల వాంగ్మూలాలు రాయించారు. రాజేంద్రప్రసాద్ వంటి వకీళ్లు ఒక్కొక్క రైతునూ ప్రశ్నించి, మాట నిలబడనివాళ్ల వాంగ్మూలాలు పక్కన పెట్టేశారు. ప్రభుత్వం రహస్య పోలీసు అధికారిని పంపితే అతని ఎదుటే ఆ పని సాగింది. ఆ పని ఇంకా మొదట్లో ఉండగానే జిల్లా వదిలి వెళ్లమన్న ఉత్తర్వు వచ్చినప్పుడు మాత్రం వెళ్లనని ఆయన అప్పటికప్పుడే చెప్పారు, కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజు తెగింపు వెనుక ఏడాదిపాటు దేశం తిరిగి చూసిన పరిశీలన ఉంది. తొందరగా నిర్ణయించగలిగేది ముందుగా నిదానించినవాళ్లే.

ఒక మాట ఒప్పుకోవాలి. సొంత పద్ధతి దొరికిందంటే అన్ని చోట్లా గెలుస్తామని అర్థం కాదు. 1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఓట్లు తెచ్చిపెట్టే శక్తి వేరు, సంస్థలు కట్టే శక్తి వేరు. ఆమె రెండోదానిలో దిట్ట, మొదటిదానిలో కాదు. ఆ ఓటమి తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యత్వం వచ్చింది, మరుసటేడు సంక్షేమ మండలి వచ్చింది. తనకు చేతనైన పని దొరికాక ఎన్నికల వేదికను పట్టుకుని వేలాడలేదు. సంస్థల ద్వారా పనిచేసే పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ప్రభుత్వ గ్రాంటు ఆగితే పని నెమ్మదిస్తుంది, కట్టినవాళ్లు పోయాక సంస్థ కేవలం భవనంగా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. దూబగుంట తరహా ఉప్పెన సంస్థల్లోంచి లేవదు. అందుకే ఒకరి పద్ధతిని అద్దె కోటులా తెచ్చి తొడుక్కోవద్దంటున్నాను, అది దుర్గాబాయిదే అయినా సరే.

మరి ఇవాళ ఒక బడి ప్రధానోపాధ్యాయిని, ఒక మహిళా సంఘం లీడరు, ఒక చిన్న కంపెనీలో పదిమందిని నడిపే మనిషి ఏం చేయొచ్చు? పీటర్ డ్రకర్ అనే నిర్వహణ శాస్త్రవేత్త చాలా ఏళ్లు స్వయంగా పాటించి చెప్పిన పద్ధతి ఒకటుంది. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా, దానివల్ల ఏం జరుగుతుందని ఆశిస్తున్నామో ముందే రాసి పెట్టుకోవాలి. తొమ్మిది నెలలో ఏడాదో గడిచాక, జరిగినదాన్ని రాసినదాని పక్కన పెట్టి చూడాలి. అంతే. మన స్వయం సహాయక సంఘాల దగ్గర తీర్మానాల పుస్తకం ఎలాగూ ఉంటుంది. ఎవరికి ఎంత అప్పు ఇచ్చామో, ఎవరు సంతకం పెట్టారో, ఎవరు వేలిముద్ర వేశారో అందులో ఉంటుంది. ఆ తీర్మానం ఎందుకు చేశామో, ఏం ఆశించామో మాత్రం ఉండదు. ఆ రెండు లైన్లు కూడా రాయడం మొదలుపెడితే, ఏడాది తిరిగేసరికి ఆ లీడరుకు తను ఎక్కడ తరచూ తప్పుతోందో, ఎక్కడ తన అంచనా నిలబడుతోందో కనబడుతుంది. తప్పుతున్న చోట ఏం తెలియక తప్పుతోందో అదే ఆమె చదవాల్సిన పాఠం. వడ్డీ లెక్కలు కావచ్చు, పశువుల జబ్బులు కావచ్చు, మనుషుల మధ్య తగాదా తీర్చే ఓర్పు కావచ్చు. ఏ పుస్తకం చదవాలో పుస్తకాల షాపువాడు చెప్పనక్కర్లేదు.

దుర్గాబాయి తన జీవితాన్ని, తర్వాత పెళ్లాడిన భర్త చింతామన్ పేరు కలిపి, ‘చింతామన్ అండ్ ఐ’ అన్న పుస్తకంగా రాసి వెళ్లారు. 1981లో ఆమె పోయారు, ఆమె కోరిన కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆ పుస్తకం దొరికితే చదవండి. చదివేటప్పుడు ఆమె సాధించిన చోట్ల కాదు, ఆగిపోయిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకోండి. తర్వాత మీ సొంత పనిలో అలాంటి చోటు ఎక్కడుందో, మీ నోటుపుస్తకంలో ఇవాళే ఒక్క లైను రాసుకోండి.